సున్నపు మంచు

కంభం స్టేషన్ రోడ్డులో నా స్టూడియో వెనకగోడకి
ముప్పయ్యేళ్ళుగా ఒక మంచుకొండ వేలాడుతోంది.
గిద్దలూరు యలమంద గీశాడు,
ఏదో పాత క్యాలెండరు చూసి.
కొండ కింద సరస్సు, సరస్సులో తలకిందులుగా కొండ,
ఒడ్డున ఎవరూ ఎక్కని పడవ.
తెల్లరంగు చాలక సున్నం కలిపాడు.
ఎండాకాలం ఫ్యాను తిరిగితే
పెచ్చులు లేచి పెళ్ళికూతుళ్ళ భుజాల మీద రాలేవి.
మా ఊళ్ళో మంచు కురవడమంటే అదే.

ఆ తెర ముందే నిలబెట్టి తీశాను
నాగులవరం కాశింపీరాని,
పట్టాళంలోకి పోయే ముందురోజు.
కాలరు గుండీ పెట్టుకో అన్నాను.
గడ్డం కొంచెం పైకి అన్నాను.
నవ్వమని మాత్రం అనలేదు, ఎందుకో.

పదకొండేళ్ళకి తిరిగొచ్చాడు.
ఎడమకాలికి మూడే వేళ్ళు.
తెర ముందు చాలాసేపు నిలబడి,
"మంచు తెల్లగా ఉండదన్నా" అన్నాడు.
"తెల్లారేముందు నీలం.
ఆ తర్వాత కాసేపు, చెప్తే నమ్మవు, ఉల్లిపొర రంగు.
తెల్లబడేసరికి ఇంక కళ్ళు తెరవలేం."
నేను యలమంద తరపున సిగ్గుపడ్డాను.
"రేపు చెరువు కాడికి పోదాం. కెమెరా తెచ్చుకో."

పుష్యమాసం. నాలుగున్నర.
స్కూటరు హ్యాండిలు ఇనుప మంచుగడ్డ.
నాకు మంకీక్యాపు, దాని మీద తువ్వాలు,
దాని మీద మా ఆవిడ శాలువా.
వెనక కూర్చున్నవాడికి పొట్టిచేతుల చొక్కా.
మా చలి అతనికి ఎగతాళి.

చెరువు కనిపించలేదు.
రెండు కొండల మధ్య ఎవరో పాలు పొంగించి వదిలేసినట్టుంది.
ఎక్కడో లోపల పుట్టివాడు
నీళ్ళని తెడ్డుతో కొడుతున్న చప్పుడు,
చేపల్ని వల వైపు బెదిరిస్తూ.
రాతిగట్టు మీద స్టాండు నిలబెట్టాను.
వేళ్ళు నావి కావు. స్క్రూ తిరగలేదు.
కంటి దగ్గర పెట్టుకుంటే
నా ఊపిరికే అద్దం మసకబారింది.

"ఊపిరి బిగబట్టు. తుపాకీకైనా దీనికైనా ఒకటే పద్ధతి."

రెండో బ్యాటరీ అడిగితే చంకలోంచి తీసిచ్చాడు.
"చలికి చచ్చిపోద్దన్నా. అక్కడ పసిబిడ్డలాగా పెట్టుకుని పడుకునేవాళ్ళం."
ఇక్కడ ఆ అవసరం లేదని ఇద్దరికీ తెలుసు.
వెచ్చగా ఉంది. అరచేతిలో కాసేపు అట్లాగే ఉంచుకున్నాను.

అప్పుడు చెప్పాడు, చెరువు వైపు చూడకుండా:
"అక్కడొకడు ఫోటో తియ్యమన్నాడు.
వాళ్ళమ్మకి పంపాలంట.
బ్యాటరీ అయిపోయింది. రేపన్నాను."

పుట్టివాడి చప్పుడు ఆగింది.
నేనేమీ అడగలేదు.
అడగడానికి నోరు తెరిస్తే
అద్దం మళ్ళీ మసకబారేది.

తర్వాత పొగమంచు
ఒక పక్కనుంచి దుప్పటి లాగినట్టు జరిగింది.
నల్లమల మొదట నీళ్ళలో కనబడింది, ఆ తర్వాతే పైన.
నీటికాకి ఒకటి మొద్దు మీద రెక్కలు ఆరేసుకుంటోంది.
ఆకాశం అంచున, నిజంగానే,
ఉల్లిపొర రంగు.
ఎంతసేపు? రెండుసార్లు నొక్కేంత.

ఆ బొమ్మని అద్దం కట్టించి గోడకి పెట్టాను.
ఎవరూ దాని ముందు నిలబడి దిగరు.
మన చెరువేగా, అంటారు.

మొన్న మే నెలలో, రోళ్ళు పగిలే ఎండలో,
తురిమెళ్ళ నుంచి ఒక కుర్రాడొచ్చాడు.
ఎల్లుండి రైలంట. జుట్టు అప్పుడే కత్తిరించుకున్నాడు.
మంచుకొండే కావాలన్నాడు.
గుండీ పెట్టుకోమన్నాను. బ్యాటరీ నిండుగా ఉందో లేదో
మూడుసార్లు చూశాను.
ఫ్యాను ఆపేశాను.
"ఉక్కగా ఉందన్నా, ఎందుకు ఆపడం?"

కదలకు, అన్నాను.